చదవకుండా దాటేసిన కాగితం

పుస్తకం బైండింగుకి వెళ్ళే రోజు ఉదయం నుంచీ నేను కాలు కాలిన పిల్లిలా ఇల్లంతా తిరుగుతూనే ఉన్నాను. పాలు పొయ్యి మీద పెట్టి మరిచిపోతే పొంగిపోయాయి. తుడిచిన గట్టునే మళ్ళీ తుడిచాను. చెల్లి మాత్రం తాపీగా జడ వేసుకుంటూ, బైండింగు దగ్గర చేతులు తక్కువగా ఉన్నాయట, సాయానికి నువ్వు కూడా రా అక్కా అంది. మోకాళ్ళ నొప్పి అన్నాను. కూర్చుని చేసే పనే అంది. తలనొప్పి కూడా ఉందన్నాను. రెండిట్లో ఏదో ఒకటి ఖాయం చేసుకుని చెప్పమంది.

నాకున్న నొప్పి ఆ రెండూ కాదు. నా బీరువాలో దుప్పట్ల అడుగున ఒక కాగితం ఉంది. చెల్లి చేతిరాత, రెండు వైపులా నిండుగా. అది ఆమె పుస్తకంలో ఉండాల్సిన కాగితం. నేను తీసేశాను. ఆ సంగతి ఆమెకు తెలియదు. సాయంత్రానికల్లా ఐదువందల పుస్తకాలు ఆ కాగితం లేకుండానే అట్టలు తొడుక్కుంటాయి. ఆ తర్వాత చెప్పినా చెప్పకపోయినా ఒకటే. నిజం చెప్పడానికి నాకు మిగిలింది ఆ ఒక్క పూట.

ముందు మా పని గురించి చెప్పాలి, లేకపోతే నేను చేసిన దొంగతనం ఎవరికీ అర్థం కాదు. మేమిద్దరం ఒకే పుస్తకాల కంపెనీలో పనిచేశాం. చెల్లి ఆరేళ్ళు గోడౌన్‌లో పుస్తకాల కట్టలు కట్టి మానేసింది. నేను ప్రూఫు గదిలో ముప్ఫై ఏళ్ళున్నాను. అక్కడ మనుషులు జంటలుగా కూర్చుంటారు. ఒకరి చేతిలో రచయిత రాసిచ్చిన అసలు ప్రతి, ఇంకొకరి చేతిలో కంపోజ్ అయి వచ్చిన ప్రూఫు. అసలు ప్రతి ఉన్నవాళ్ళు పైకి చదవాలి. ప్రూఫు ఉన్నవాళ్ళు పెన్సిలు పట్టుకుని, వింటూ, చూసుకుంటూ పోవాలి. నేను పైకి చదివేదాన్ని. కామాలూ ఫుల్‌స్టాపులూ కొత్త పేరాలూ అన్నీ పలుకుతూ, గొంతు తడబడకుండా, రోజుకి ఏడు గంటలు. అందరూ నన్ను రేడియో అనేవాళ్ళు. ఇంట్లో కోపం వస్తే కామాలతో సహా తిడతానని చెల్లి వెక్కిరిస్తుంది.

ఆ కంపెనీలో ఒక పద్ధతి ఉండేది. ఆఖరి ప్రూఫు చదివే రోజు రచయితే వచ్చి, పెన్సిలు పట్టుకుని నా ఎదురుగా కూర్చోవాలి. చదవడం అయ్యాక చివరి పేజీ మీద 'అచ్చు వేయవచ్చు' అని రాసి సంతకం పెట్టాలి. ఆ సంతకం పడ్డాక పుస్తకంలో ఏమున్నా, ఏం లేకపోయినా పూచీ రచయితదే. పద్ధతి మంచిదే. దాన్ని వాడుకున్న తీరు మంచిది కాదు.

ఇరవై రెండేళ్ళ కిందట ఒక కుర్రాడు వచ్చాడు. అతనికది మొదటి పుస్తకం. నూలు మిల్లులో పనిచేసేవాళ్ళ కథ. అందులో ఒకచోట నాలుగు పేజీలు, యంత్రంలో చెయ్యి పోగొట్టుకున్న మనిషి విషయంలో మిల్లు యజమాని ఏం చేశాడో, ఏం చేయకుండా తప్పించుకున్నాడో రాశాడు. ఆ యజమానీ మా కంపెనీ పెద్దాయనా ఒకే కంచంలో తినే స్నేహితులు. ఆ పేజీలు తీసేయమంటే కుర్రాడు ససేమిరా అన్నాడట. చదివే రోజు పొద్దున్నే పెద్దాయన నన్ను గదిలోకి పిలిచారు. ఆ నాలుగు పేజీలూ కంపోజ్ చేయించలేదని, అసలు ప్రతిలో వాటికి క్లిప్పు పెట్టానని, ఆ చోటుకి వచ్చినప్పుడు ఆగకుండా దాటెయ్యమని చెప్పారు. సరేనండి అన్నాను. ఎందుకన్నావంటే చెప్పుకోవడానికి పెద్ద కారణమేమీ లేదు. సరేనండి అనడం నాకు అలవాటు.

చదివాను. క్లిప్పు వచ్చింది. ముందరి వాక్యం నుంచి తర్వాతి వాక్యంలోకి గొంతు మారకుండా వెళ్ళిపోయాను. ఎదురుగా కుర్రాడి పెన్సిలు ఆగలేదు. తన మాటలు మొదటిసారి ఇంకొకరి గొంతులో వింటున్న మనిషికి కళ్ళు సరిగా పనిచేయవు. ఆ మాటలు అక్కడ ఉన్నాయనే అనుకుంటాడు. అతను సంతకం పెట్టి, నాకు నమస్కారం చేసి, మీరు చదువుతుంటే ఇంత బాగా నేనే రాశానా అనిపించిందమ్మా అని చెప్పి వెళ్ళాడు.

నెల తర్వాత అచ్చయిన పుస్తకం పట్టుకుని వచ్చాడు. పెద్దాయన అతని సంతకం అతనికే చూపించి పంపేశారు. పోతూ పోతూ నా బల్ల దగ్గర ఆగాడు.

"ఆ నాలుగు పేజీలూ మీరు చదివారా అమ్మా?"

"ఉన్నదే చదివాను బాబూ," అన్నాను.

మెట్లు దిగి వెళ్ళిపోయాడు. తర్వాత అతను ఇంకో పుస్తకం రాసినట్టు నేనెక్కడా వినలేదు, చూడలేదు.

మూడేళ్ళ కిందట నేను జ్వరంతో మంచాన పడ్డప్పుడు, నుదుటి మీద తడిగుడ్డ వేస్తున్న చెల్లికి ఇదంతా చెప్పేశాను. ఎందుకు చెప్పానో తెలియదు. ఒళ్ళు కాలిపోతుంటే నోరు ఊరుకోదేమో. చెల్లి గుడ్డ మార్చింది. నేను మర్నాడు లేచి, ఆ మాటలు జ్వరంలో పోయాయిలే అనుకున్నాను.

ఏవీ పోలేదు. ఆ ఏడాదే చెల్లి రాయడం మొదలుపెట్టింది. పగలంతా కొరియర్ ఆఫీసులో పార్సిళ్ళ మీద అడ్రసులు అంటించి వచ్చి, వంటగది బల్ల మీద ఇంత మందాన కాగితాలు పరుచుకుని రాసేది. పుస్తకాల కంపెనీ గురించి నవల. గోడౌన్‌లో తను చూసినవి, విన్నవి. పూర్తయ్యాక ఒక ప్రచురణకర్తకి ఇచ్చింది. ఆయన బాగుందన్నాడు, అద్భుతమన్నాడు, చివరికి ఐదో అధ్యాయం తీసేద్దామన్నాడు. మా పెద్దాయన ఇప్పుడు ప్రచురణకర్తల సంఘానికి అధ్యక్షుడు. ఐదో అధ్యాయంలో ఉన్న మనిషి ఎవరో ఆ వ్యాపారంలో ఉన్న పసిపిల్లవాడు కూడా చెప్పగలడు. ఒక్క అధ్యాయమే కదమ్మా, మిగతాదంతా మీదే అన్నాడట ఆయన. చెల్లి కాగితాలు సంచిలో వేసుకుని ఇంటికి వచ్చి, చెప్పులు కూడా విప్పకుండా వంటగదిలోకి వచ్చి నిలబడింది.

"ఎవడబ్బ సొమ్మని తీస్తాడే? నేను రాసింది తీయడానికి వాడెవడు? నేనే వేసుకుంటా. ఒక్క వాక్యం కూడా పోకుండా వేసుకుంటా."

వేసుకో అన్నాను. మనస్ఫూర్తిగానే అన్నాను. పెద్దాయన మీద ముప్ఫై ఏళ్ళ సరేనండీలు నా కడుపులో మూలుగుతున్నాయి మరి. రిటైరై ఖాళీగా ఉన్నాను కనుక, కాగితాలు కంపోజింగుకి మోసుకెళ్ళే పని నేనే పెట్టుకున్నాను. కాగితాలకి నంబర్లు వేసే అలవాటు చెల్లికి లేదు, అదీ నా పనే. ఆమెకి ఇంకో అలవాటుంది, ప్రతి సంఘటననీ కొత్త కాగితం మీద మొదలుపెడుతుంది. ఒకరోజు మధ్యాహ్నం నంబర్లు వేస్తుంటే ఒక కాగితం మొదటి వాక్యం కంటపడింది. 'ఆ కంపెనీలో పైకి చదివే మనిషి ఒకామె ఉండేది, ఆమె గొంతంటే అందరికీ ఇష్టం.'

రెండో వాక్యం చదవలేదు. చదవాల్సిన అవసరం ఏముంది? కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జాకెట్లో దాచుకున్నాను. తర్వాతి కాగితానికి దాని నంబరు వేశాను. ఈ మాత్రం పని నాకు కొత్తా?

కంపోజింగు అయి ప్రూఫులు వచ్చాయి. మాకు వచ్చిన పద్ధతి ఒక్కటే కనుక అలాగే కూర్చున్నాం. చెల్లి చేతిలో ప్రూఫు, నా చేతిలో అసలు ప్రతి. నాలుగు రోజులు చదివాను. ఐదో అధ్యాయం వచ్చినప్పుడు చెల్లి రెండుసార్లు చదివించుకుంది, అందులో ఒక్క కామా జారినా ఊరుకోనంది. ఆ అధ్యాయం దాటాక, కాగితం తీసేసిన చోటు వచ్చింది. ముందరి వాక్యం నుంచి తర్వాతి వాక్యంలోకి వెళ్ళిపోయాను. చెల్లి పెన్సిలు ఆగలేదు. ఆగకపోవడం చూసి నాకు సంతోషం కలగాలి, కలగలేదు. నా సొంత చెల్లెలి ముఖంలో ఆ కుర్రాడి ముఖం కనిపించింది. నోరు మాత్రం చదువుతూనే ఉంది.

ఆ తర్వాత మూడు వారాలు నేను బతికిన బతుకు పగవాళ్ళకి కూడా వద్దు. ఇంటికి వచ్చిన వాళ్ళందరికీ చెల్లి ఆ ప్రచురణకర్త కథే చెప్పేది. ఎవరైనా అడక్కుండా తీసేస్తే దొంగతనమేనా కాదా, మీరే చెప్పండి అనేది. వాళ్ళు అవునని తలూపేవాళ్ళు. పక్కన కూరగాయలు తరుగుతూ నేనూ తలూపేదాన్ని. ఒకసారి వేలు తెగింది. చెప్పేద్దామని ఎన్నిసార్లు ఆమె గదిలోకి వెళ్ళానో లెక్కలేదు. వెళ్ళిన ప్రతిసారీ ఏదో ఒక వస్తువు అడిగి తెచ్చుకునేదాన్ని. ఆ మూడు వారాల్లో నా గదిలోకి రెండు కత్తెరలు, మూడు సూదులు, ఆమె గొడుగు వచ్చి చేరాయి.

సరే, బైండింగు రోజు మోకాళ్ళూ తలా రెండూ ఓడిపోయాయి. బస్సెక్కాం. సగం దూరం వెళ్ళాక, నీతో ఒక మాట చెప్పాలే అన్నాను. చెప్పమంది. కిటికీ పక్కన కూర్చుని నా ముఖంలోకే చూస్తోంది. గ్యాసు కట్టేశావా అని అడిగాను. కట్టేశానంది. ఇంకేమైనా చెప్పాలా అంది. తాళం కూడా గుర్తొచ్చిందన్నాను. చెల్లి కిటికీ వైపు తిరిగింది.

బైండింగు గది ప్రెస్సు వెనకాల ఉంది. కాగితాలు ఎగిరిపోతాయని ఫ్యాను వేయరు, అడుగు పెట్టగానే చెమట పట్టింది. పొడుగాటి బల్ల మీద పదహారేసి పేజీల మడతలు దొంతర్లుగా వరసగా పేర్చి ఉన్నాయి. బల్ల చుట్టూ నడుస్తూ ఒక్కో దొంతరలోంచి ఒక్కోటి ఏరుకుంటే చివరికి చేతిలో ఒక పుస్తకం తయారవుతుంది. ఆ తర్వాత కుట్టు, జిగురు, అట్ట. బైండరు నడివయసు మనిషి, వేళ్ళ నిండా ఎండిన జిగురు. మమ్మల్ని చూడగానే విసుక్కున్నాడు.

"పొద్దున్నుంచి ఫోనులో ఇదే అడుగుతున్నానమ్మా. ఈ కట్ట పెట్టాలా వద్దా? అక్కొచ్చాక చెప్తానంటుంది మీ చెల్లెలు. మీరేనా అక్క?"

ఏడో దొంతరకీ ఎనిమిదో దొంతరకీ మధ్య ఒక చిన్న కట్ట ఉంది, గోధుమరంగు కాగితం చుట్టి. చెల్లి దారం విప్పి, పైనున్న ఒక కాగితం తీసి నా చేతిలో పెట్టింది. రెండు వైపులా అచ్చు. నంబరు లేదు. 'ఆ కంపెనీలో పైకి చదివే మనిషి ఒకామె ఉండేది.'

స్టూలు మీద కూర్చున్నాను. ఎప్పటినుంచి తెలుసని అడిగాను. చదివిన రోజు నుంచే తెలుసంది. ఆ చోట కొత్త పేరా అనే ముందు నువ్వు గట్టిగా ఊపిరి తీసుకున్నావు, నువ్వెప్పుడూ అలా తీసుకోవు అంది. తన దగ్గర చిత్తుప్రతి ఉందని, దాన్నే విడిగా కంపోజ్ చేయించి ఐదువందలు వేయించానని చెప్పింది. మరి ఆ రోజే ఎందుకు అడగలేదే అన్నాను.

"నువ్వే చెప్తావని చూశా. మూడు వారాలు చూశా. ఇందాక బస్సులో కూడా చూశా. ఆ కుర్రాడికి చేసిందే నాకూ చేశావు కదే. నాకు నిద్ర పట్టలేదు తెలుసా?"

బైండరు మొహమాటపడి జిగురు డబ్బా కలుపుతూ అటు తిరిగాడు. చెల్లి ముఖం తుడుచుకుని నా ముందు ఇంకో స్టూలు లాక్కుని కూర్చుంది.

"ఒక మాట మాత్రం నిజం. ఆ పబ్లిషరు నన్ను అడిగే తీయమన్నాడు. నేను నిన్ను అడక్కుండానే రాశా. జ్వరంలో ఉన్న మనిషి చెప్పింది ఎత్తుకొచ్చి రాసుకున్నా. ఊరంతా తిరిగి నా మాట, నా స్వేచ్ఛ అని అరిచాను గానీ, నీదొకటి ఉంటుందని తోచలేదు. అందుకని నువ్వెలా చెప్తే అలా. పెట్టమంటే పెడతా. వద్దంటే ఈ కట్ట చించేస్తా."

"కోపం ఉండదా?"

"ఉంటుంది. అయినా చించేస్తా."

ఆమె నిజంగానే చించేస్తుంది. ఒక్క అధ్యాయం కోసం ప్రచురణకర్తని కాదనుకుని వచ్చిన మనిషి, నా కోసం రెండు పేజీలు చించేస్తానంటోంది. ఆ తర్వాత ఈ పుస్తకంలో ఎవరూ ఏమీ తీయలేదని ఎవరితోనూ గట్టిగా చెప్పుకునే వీలుండదు ఆమెకి. చేతిలో ఉన్న కాగితం చదవడం మొదలుపెట్టాను. దాన్ని పూర్తిగా చదవడం అదే మొదటిసారి. దొంగిలించానే గానీ చదవలేదు కదా.

నేను భయపడినట్టు లేదు. ఎక్కడా తిట్టలేదు. ఎవరి పేరూ లేదు. క్లిప్పు, పెన్సిలు, కుర్రాడి నమస్కారం, ఉన్నదే చదివాను బాబూ అన్న నా మాట, అన్నీ ఉన్నాయి. చదువుతుంటే అందులోని ఆ చదివే మనిషి మీద నాకే జాలి వేసింది. చివరి వాక్యం దగ్గర ఆగాను. 'అతను మెట్లు దిగి వెళ్ళిపోయాక, ఎవరూ లేని కుళాయి చాటుకి వెళ్ళి ఆమె చాలాసేపు ఏడ్చింది.'

కొంత ఊపిరి వచ్చింది. ఆ వాక్యం ఉంటే ఫర్వాలేదనిపించింది. చదివినవాళ్ళు అయ్యో పాపం అనుకుంటారు, పైవాళ్ళు చేయించిన పనికి ఆమె ఏం చేస్తుంది, ఎంత కుమిలిపోయిందో అనుకుంటారు. నన్ను గుర్తుపట్టినవాళ్ళు కూడా చేయి పట్టుకుని ఓదార్చి వెళ్తారు. పెట్టెయ్ అన్నాను.

చెల్లి ముఖం విప్పారింది. నా రెండు చేతులూ పట్టుకుని నొక్కి లేచింది. బైండరు, హమ్మయ్య, జిగురు గట్టిపడేలా ఉంది అంటూ కట్టని దొంతరల వరసలోకి జరిపాడు. చెల్లి నడవడం మొదలుపెట్టింది. మొదటి దొంతరలోంచి ఒకటి, రెండోదాంట్లోంచి ఒకటి. నేను స్టూలు మీదే కూర్చున్నాను. చేతులు మడుచుకున్నాను, విప్పాను. కొంగుతో ముఖం తుడుచుకున్నాను. ఏడో దొంతర దాటి ఆమె చెయ్యి ఆ కట్ట మీదికి వెళ్ళేసరికి ఇక కూర్చోలేకపోయాను.

"ఆగవే," అన్నాను. "అది తప్పు."

మనసు మారిందనుకుని ఆమె చెయ్యి వెనక్కి తీసుకుంది. అది కాదని చెప్పాను. పెట్టొద్దనడం లేదు, చివరి వాక్యం తప్పు అన్నాను. జ్వరంలో నువ్వే కదా అలా చెప్పావు అంది చెల్లి.

"నేనే చెప్పాను. అబద్ధం చెప్పాను. నేను ఏడవలేదే." ఒకసారి నోరు తెరిచాక మాటలు వాటంతట అవే వచ్చాయి. "అతనలా మెట్లు దిగుతుంటే లంచి బెల్లు కొట్టారు. చెయ్యి కడుక్కుని వచ్చి డబ్బా విప్పాను. అన్నం తిన్నాను. మామూలుగా రోజూ తిన్నట్టే తిన్నాను. పక్కామె కూర బాగుందంటే ఇంకోసారి వేయించుకున్నాను కూడా. రెండింటికి మళ్ళీ చదవడానికి కూర్చున్నాను."

చెల్లి నన్ను అంతకు ముందెప్పుడూ చూడని మనిషిని చూసినట్టు చూసింది. ఆ చూపు నుంచి తప్పించుకోవడానికే కదా ఇన్నేళ్ళూ ఏడ్చానని చెప్పుకున్నది, ఆమెతోనూ, నాతోనూ. ఇవన్నీ మళ్ళీ అచ్చు వేయాలా ఏమిటమ్మా, ఇవాళ్టికి పని ఆగినట్టేనా అని బైండరు గొణిగాడు. ఆగినట్టేనని నేనే చెప్పాను.

చెల్లి చేతిలోని మడతలు బల్ల మీద పెట్టింది. సంచిలోంచి పెన్సిలు తీసి, అచ్చు కాగితం ఒకటి ముందు వేసుకుని, ఏడ్చింది అన్న వాక్యాన్ని అడ్డంగా కొట్టేసింది. కొత్త వాక్యం మొదలుపెట్టింది. సగంలో ఆగి, తల ఎత్తకుండానే అడిగింది.

"కూర సంగతి కూడా రాయనా?"

రాయమన్నాను.